ఇంగువ కట్టిన గుడ్డ

ఇంగ్లీషువాడు 1947లో పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ రైళ్ళూ, కోర్టులూ, తపాలా ఆఫీసులూ, క్రికెట్టూ మనకి వదిలివెళ్ళాడని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. మాటల చివర తగిలించుకునే ‘ఇంగ్’ అనే తోకని కూడా మన ఇళ్ళల్లోనే వదిలేసి వెళ్ళాడని మాత్రం ఎవరూ రాయరు. ఇంగువ కట్టిన గుడ్డ అంటారు చూశారూ, అలాగన్నమాట. ఇంగువ అయిపోయినా గుడ్డని వాసన వదలదు.

కావాలంటే మీ ఇంట్లోనే ఒకసారి చెవులు రిక్కించి వినండి. మనం బట్టలు ఉతకడం మానేసి చాలాకాలమైంది, వాషింగ్ చేస్తున్నాం. పెళ్ళిళ్ళలో వంటలు పోయి కేటరింగ్ వచ్చింది. జాకెట్టుకి లైనింగు, గోడలకి వైరింగు, కుళాయికి ఫిట్టింగు, వీధి చివర పాతకాలపు బోరింగు, ఇంటి ముందు కొత్తకాలపు పార్కింగు. ఈ మాటలతో నాకేమీ తగవు లేదండోయ్. ఎప్పుడో వచ్చి, మన విభక్తులు తగిలించుకుని, ‘బోరింగు దగ్గర’, ‘మీటింగుకి’ అంటూ మనింటి పిల్లల్లా కలిసిపోయాయి. పాపం, వాటినేం అంటాం?

నా తగవల్లా వేరు. ఈ ఇంగుగారు ఒంటరిగా వచ్చినప్పుడు మనం బాగానే ఆదరించాం. తన వెంట ‘వైల్’, ‘ఆఫ్టర్’, ‘బికాజ్’ లాంటి చుట్టాలని వెంటేసుకుని వాక్యంలోకి వచ్చినప్పుడే వస్తుంది గొడవ. అక్కడ మన ఆడవాళ్ళు నోరు జారడం, పక్కనున్నవాళ్ళు పళ్ళికిలించడం. ఆ పళ్ళికిలించేవాళ్ళతోనే నా పోట్లాట.

మా వీధిలో ఒకావిడ ఉంది. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదువుకుంది. లెక్కల్లో దిట్ట. పిల్లవాణ్ణి ఒక పేరున్న బడిలో చేర్పించడానికి వెళితే, ఆ బడివాళ్ళు పిల్లవాడితోపాటు తల్లిదండ్రులకి కూడా ఇంటర్వ్యూ పెట్టారు. (పిల్లవాడికి అక్షరాలు నేర్పాల్సిన బడి, తల్లికి ఇంగ్లీషు వస్తేనే నేర్పుతాననడం ఏం న్యాయమో నాకు బోధపడదు. అది ఇంకోసారి చెప్పుకుందాం.) ‘పిల్లవాడి చదువు ఇంటి దగ్గర ఎవరు చూస్తారు?’ అని అడిగారు. ఈవిడ ధైర్యం చేసి, ‘ఆఫ్టర్ కమింగ్ ఫ్రమ్ స్కూల్, ఐ విల్ గివ్ మిల్క్ అండ్ టీచ్ హిమ్’ అంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి పక్కనున్నాయనవైపు చూసి నవ్వి, ‘ఓహో, మేడమ్ కూడా స్కూలుకి వెళ్తున్నారా?’ అన్నాడు. గదంతా నవ్వింది. ఆవిడ భర్త కూడా నవ్వాడు. అక్కడితో ఊరుకోకుండా ఆ మాటని పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ చెప్పుకుని మరీ నవ్వించాడు. ఆవిడ ఆ తర్వాత మళ్ళీ ఆ బడి గుమ్మం తొక్కలేదు. టీచర్లతో మీటింగంటే ఆయన్నే పంపిస్తుంది. ఆయన వెళ్ళి, పిల్లవాడికి ఏ లెక్క రావడం లేదో తెలుసుకోకుండానే తిరిగొస్తాడు. ఎందుకంటే ఆ సంగతి తెలిసింది ఆవిడకే!

ఇంతకీ ఆవిడ చేసిన నేరమేమిటి? తెలుగులో అనుకుని ఇంగ్లీషులో అంది. ‘స్కూలునుంచి వచ్చాక పాలిచ్చి చదివిస్తాను’ అనుకుంది. ఇందులో తప్పేముంది చెప్పండి! ఎవరొచ్చారు, ఎవరిచ్చారు అని తెలుగువాడెవడూ అడగడు. ‘వచ్చాక’ అన్న మాట ఎవరొచ్చినా సరిపోతుంది. వచ్చేది పిల్లవాడు, ఇచ్చేది తల్లి. ఇంగ్లీషు ‘ఆఫ్టర్ కమింగ్’కి ఆ ఉదారత లేదు. ఎవరొచ్చారో విడిగా చెప్పకపోతే, వాక్యంలో అసలు క్రియకి ఎవరు కర్తో వాళ్ళే వచ్చారని లెక్కకట్టేస్తుంది. పాలిచ్చేది తల్లి కాబట్టి బడినుంచి వచ్చిందీ తల్లే అంటుంది. సంగతి ఇంతే. ఇది తెలివితక్కువతనం కాదు. ఒక ఇంటి అలవాటుని ఇంకో ఇంటికి పట్టుకెళ్ళడం. కొత్తకోడలు అత్తవారింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియక తడుముకుంటే వంట రాదని అంటామా?

అసలు ఈ ఇంగు సంసారం ఎలాంటిదో కాస్త చూద్దాం. వంటనే తీసుకోండి, మనకి బాగా తెలిసిన పని. మనం ఎన్ని రకాలుగా అంటాం! వండడం, వండుతూ, వండుతుంటే, వండి, వండాక, వండగానే, వండేసరికి, వండితే, వండినా, వండకుండా. ఒక్కొక్క సందర్భానికి ఒక్కొక్క తొడుగు. పని ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది, ఆ తర్వాతి పనికీ దీనికీ ఏమిటి చుట్టరికం, అన్నీ ఆ తొడుగే చెప్పేస్తుంది. ఇంగ్లీషుకి వీటిల్లో సగానికి పైగా ఒక్క ‘కుకింగ్’ చీరే దిక్కు. ఇంట్లో కట్టుకున్నా అదే, పెళ్ళికెళ్ళినా అదే. అందుకని తోడుగా ముందొక చిన్నమాటని నిలబెట్టుకుంటుంది. ‘బిఫోర్ కుకింగ్’ అంటే వండేముందు, ‘ఆఫ్టర్ కుకింగ్’ అంటే వండాక, ‘వైల్ కుకింగ్’ అంటే వండుతూ, ‘వితౌట్ కుకింగ్’ అంటే వండకుండా.

ఒకప్పుడు వాళ్ళకీ రెండు చీరలుండేవి. పాత ఇంగ్లీషులో పని పేరు చెప్పడానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ అనే ప్రత్యయం, పని చేస్తూ ఉండడాన్ని చెప్పడానికి ‘ఎండె’ అనే ప్రత్యయం విడివిడిగా ఉండేవి. మధ్యయుగం ముగిసేనాటికి రెండోది అరిగిపోయి మొదటిదానిలోనే కలిసిపోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చీర కట్టుకుని తిరుగుతుంటే ఎవరెవరో పోల్చుకోవడానికి వ్యాకరణ పండితులు పేర్లు పెట్టారు, ఒకర్తి జెరండ్, ఇంకొకర్తి పార్టిసిపుల్. ‘ఆఫ్టర్ కుకింగ్’లో ఉన్నది జెరండట, ‘వైల్ కుకింగ్’లో ఉన్నది పార్టిసిపులట. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ అక్కడ ప్రిపోజిషన్లు, ‘వైల్’, ‘వెన్’ కంజంక్షన్లు. గుర్తుపట్టడానికి ఒక చిన్న ఉపాయం చెప్పనా? ఆ ఇంగు మాట తీసేసి ‘దట్’ పెట్టి చూడండి. ‘ఆఫ్టర్ దట్’ అనొచ్చు, ‘బిఫోర్ దట్’ అనొచ్చు. ‘వైల్ దట్’ అని ఊరుకోవడానికి వీల్లేదు. అంతే తేడా.

ఈ తేడా మీద పిల్లలకి పరీక్షల్లో మార్కులు కోస్తారు. కింద గీతగీసిన మాట జెరండా, పార్టిసిపులా అని! తీరా చూస్తే 2002లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయంవాళ్ళు పద్దెనిమిది వందల పైచిలుకు పేజీలతో ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి వేశారు. హడిల్‌స్టన్, పులమ్ అనే ఇద్దరు పండితులు దానికి పెద్దలు. వాళ్ళేమన్నారో తెలుసా? నేటి ఇంగ్లీషులో ఈ రెంటికీ రూపంలో తేడా లేనప్పుడు రెండు పేర్లెందుకని, ‘జెరండ్-పార్టిసిపుల్’ అని రెండూ కలిపి ఒక్క పేరే పెట్టేశారు. సొంతదారులు గోడ కొట్టేసుకుంటే మనం మాత్రం ఆ గోడకి ఏటేటా సున్నం వేస్తున్నాం.

సరే, పేర్లేవైతేనేం. ముఖ్యమైనది కర్త సంగతి. అక్కడే మన కాలు జారుతోంది. మీరు వంట చేస్తుంటే పాలు పొంగిపోయాయనుకోండి. ‘వైల్ కుకింగ్, ది మిల్క్ బాయిల్డ్ ఓవర్’ అంటే, వంట చేస్తున్నది పాలే అని అర్థం! వినడానికి నవ్వొస్తుంది గానీ, ఇందులో ఒక చిత్రముంది. ‘వంట చేస్తూ పాలు పొంగిపోయాయి’ అని మీరు తెలుగులో చచ్చినా అనరు. మూడేళ్ళ పిల్ల కూడా అనదు. ‘చేస్తుంటే పాలు పొంగాయి’ అంటుంది. రెండు పనులూ చేసేది ఒక్కరే అయితే ‘చేస్తూ’, వేరువేరైతే ‘చేస్తుంటే’. ఇది మనకెవరూ బడిలో నేర్పలేదు. అమ్మ ఒళ్ళోనే వచ్చేసింది. ఇంగ్లీషువాడు ఏ నియమం పేరు చెప్పి మనల్ని నవ్వుతున్నాడో, ఆ నియమం మన నాలుక మీద పుట్టినప్పటినుంచీ ఉంది. తాళంచెవి కొంగునే ముడివేసుకుని ఊరంతా వెతుకుతున్నాం.

కనుక కొంగు విప్పి చూసుకోండి. మనసులో ‘చేస్తూ’ అని వస్తే, భయపడకుండా ‘వైల్ కుకింగ్’ అనేయండి: ‘వైల్ కుకింగ్, ఐ లిజన్ టు ది రేడియో.’ మనసులో ‘చేస్తుంటే’ అని వచ్చిందో, అక్కడ ఆగి కర్తని పిలిచి కూర్చోబెట్టండి: ‘వైల్ ఐ వాజ్ కుకింగ్, ది మిల్క్ బాయిల్డ్ ఓవర్.’ ముప్ఫైరోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే పుస్తకాలు నేను చాలానే తిరగేశాను. నూట యాభై వాక్యాలు బట్టీపట్టమంటారు గానీ, ఈ ‘చేస్తూ-చేస్తుంటే’ సంగతి ఒక్కరూ చెప్పరు. చెబితే పుస్తకం పదిరోజులకే అయిపోతుందని భయం కాబోలు.

‘వచ్చాక’, ‘చెప్పినా’, ‘చెప్పకుండా’ లాంటివాటితో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఇవి ఒక్కరికీ చెల్లుతాయి, ఇద్దరికీ చెల్లుతాయి. ‘ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన వినరు’ అనేది ఏ ఇంట్లోనైనా వినపడే వాక్యమే కదా. దీన్ని ‘ఇన్‌స్పైట్ ఆఫ్ టెల్లింగ్ మెనీ టైమ్స్, మై హస్బెండ్ డజ్‌నాట్ లిజన్’ అన్నారా, చెప్పిందీ ఆయనే, వినంది కూడా ఆయనే అయిపోతారు. మీ కష్టమంతా ఆయన ఖాతాలో పడిపోతుంది! ‘దో ఐ టెల్ హిమ్ మెనీ టైమ్స్’ అని ‘ఐ’ని మధ్యలో నిలబెట్టండి. చెప్పింది నేనేనని లోకానికి తెలియాలి.

మరికొన్ని మాటలున్నాయి, వాటికి ఇంగుగారి మొహం గిట్టదు. ‘బికాజ్’ ఒకటి. ‘బికాజ్ కమింగ్ లేట్’ అనడానికి లేదు. ‘బికాజ్ ఐ కేమ్ లేట్’ అనాలి, లేదంటే మధ్యలో ‘ఆఫ్’ని రాయబారం పంపి ‘బికాజ్ ఆఫ్ కమింగ్ లేట్’ అనాలి. ‘ఆస్ సూన్ ఆస్’ కూడా ఆ బాపతే. మనం ‘వెళ్ళగానే ఫోన్ చేస్తా’నని ఒక్క ముక్కలో అనేసి, అదే ఊపులో ‘ఆస్ సూన్ ఆస్ గోయింగ్’ అంటాం. కుదరదు. ‘ఆస్ సూన్ ఆస్ ఐ రీచ్ హోమ్’ అనాలి. ఇక ‘అండ్’ సంగతి తేలిక. అటు ఇంగు ఉంటే ఇటూ ఇంగే ఉండాలి. ‘ఐ లైక్ సింగింగ్ అండ్ టు కుక్’ అంటే ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు.

‘ఇంత గొడవెందుకమ్మా, అర్థమైతే చాలదూ?’ అని మీలో కొందరు అనొచ్చు. చాలాచోట్ల చాలు. కూరల బజారులో చాలు, బంధువుల మధ్య చాలు. కానీ ఊరుగాని ఊళ్ళో, మన భాష రాని డాక్టరు ముందు జ్వరంతో మసిలిపోతున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు చాలదు. ‘ఆఫ్టర్ వామిటింగ్, ఐ గేవ్ ది టాబ్లెట్’ అంటే వాంతి ఎవరికైందని ఆ డాక్టరు రెండోసారి అడుగుతాడు. అడిగితే ఫరవాలేదు, అడగకుండా తనే ఏదో అనుకుంటేనే ప్రమాదం. ‘ఆఫ్టర్ షి వామిటెడ్’ అంటే ఒక్క మాట ఎక్కువ, అంతే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కూతురి పురిటికని వెళ్ళి, అక్కడి నర్సుతో మాట్లాడాల్సి వచ్చే అమ్మమ్మలు ఇవాళ మన మధ్య ఎంతమంది లేరు! వాళ్ళకి ఈ ఒక్క మాట కావాలి. నేను నేర్చుకోమంటున్నది ఆ అవసరం కోసం. పేరంటంలో గొప్పకోసం కాదు, ఎవరి నవ్వుకో భయపడీ కాదు.

నవ్వేవాళ్ళ సంగతి కొస్తాను. వాళ్ళకి ఒక సంగతి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ‘హామ్లెట్’ నాటకంలో తండ్రి దయ్యం వచ్చి కొడుకుతో తన చావు కథ చెబుతుంది చూడండి. తోటలో నిద్రపోతుంటే పాము కరిచిందని లోకమంతా నమ్ముతోందంటుంది. అక్కడ షేక్‌స్పియర్ కూర్చిన మాటల వరస ఎలాంటిదంటే, ఇంటర్వ్యూ పెద్దమనిషి లెక్కన నిద్రపోయింది రాజుగారు కాదు, పాము! నాలుగు వందల ఏళ్ళుగా ఆ నాటకం ఆడుతున్నారు, చూస్తున్నారు, కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ‘అయ్యా, నిద్రపోయిందెవరు, పామా?’ అని ఏ బడివాళ్ళూ ఆయన్ని ఇంటర్వ్యూలో తప్పించలేదు. ఆయన రాస్తే కవిత్వం, మా వీధి ఆవిడ అంటే నవ్వులాట!

ఇంకో ముచ్చట. 1920లలో ఇంగ్లండులో ఫౌలర్ అనే వ్యాకరణవేత్త ఉండేవాడు. 1926లో ఆయన వేసిన ‘మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్’ అనే నిఘంటువు నేటికీ పెద్దల అల్మారాల్లో ఉంటుంది. ‘మా ఆయన ఆలస్యంగా రావడం నాకు నచ్చదు’ అనాలంటే ‘హస్బెండ్స్ కమింగ్’ అని షష్ఠీ విభక్తి పెట్టాల్సిందేనని, ఉత్త ‘హస్బెండ్ కమింగ్’ అంటే భాష భ్రష్టుపట్టిపోతుందని ఆయన పట్టుదల. మనకైతే ‘మా ఆయన రావడం’ అనేదే సహజం. ‘మా ఆయన యొక్క రావడం’ అంటే మన పిల్లలే మనల్ని ఎగాదిగా చూస్తారు. ఫౌలర్‌గారికి జవాబు చెప్పిందెవరనుకున్నారు? యెస్పర్సెన్ అని డెన్మార్కు దేశస్థుడు. ఇంగ్లీషు ఆయన తల్లిభాష కాదు. మీ దేశపు గొప్ప రచయితలే తరతరాలుగా విభక్తి లేకుండా రాస్తున్నారు చూడండని ఉదాహరణలు కుప్పపోసి చూపించాడు. ఇవాళ మాట్లాడే ఇంగ్లీషులో రెండు పద్ధతులూ చెల్లుతున్నాయి. సొంతవాళ్ళకే తెగని తగవులో, పొరుగువాడి నోటి తప్పుని పట్టుకుని మేధావినయ్యాననుకునేవాణ్ణి ఏమనాలి?

ఇక ‘ఐ విల్ గో అండ్ కమ్’. పిల్లలు కాన్వెంటులో చేరిన ఆర్నెల్లకి తల్లిని మొట్టమొదట దిద్దేది ఈ మాట దగ్గరే. ‘అమ్మా, అలా అనకూడదు, తప్పు’ అని. ఇంగ్లీషులో అలా అనరు, నిజమే. ‘ఐ విల్ బి బ్యాక్’ అంటారు. కానీ దాని వెనకాల ఏముందో పిల్లలకి చెప్పేవాళ్ళేరీ? మన గుమ్మంలో నిలబడి ‘వెళ్తాను’ అంటే అశుభం, ‘వెళ్ళొస్తాను’ అనాలి. వెళ్ళి, వస్తాను. ‘వెళ్ళి’ అన్న చిన్నమాటలో వెళ్ళడం అయిపోతుంది, మనసు రావడం మీద నిలబడుతుంది. తమిళులూ అంతే, కన్నడిగులూ అంతే. హిందీవాళ్ళు ‘ఖాకే జానా’ అన్నా ఆ బాణీయే. కాలిన్ మసికా అనే అమెరికన్ పండితుడు 1976లో అచ్చయిన తన పుస్తకంలో, భారతదేశపు భాషలన్నిటినీ ఒక కుటుంబంలా కలిపే లక్షణాల్లో ఇదీ ఒకటని లెక్కలోకి తీసుకున్నాడు. సంస్కృతంలో దీనికి ‘క్త్వా’ అనే ప్రత్యయముంది. ఒకే కర్త రెండు పనులు చేస్తే మొదటి పనికి అది చేర్చమని పాణిని సూత్రం చేశాడు. ఆ పేరుతోనే మన తెలుగు వ్యాకరణాలు ‘చేసి’, ‘వెళ్ళి’ లాంటివాటిని క్త్వార్థకాలన్నాయి. అయితే మన తెలుగు పాణినిని కూడా కొంచెం దాటింది. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరైనా ఒకదానివల్ల ఒకటి జరిగింది కాబట్టి ‘కురిసి’ చెల్లిపోయింది.

ఈ ‘ఇ’కారపు మహిమ తెలియాలంటే మన పొద్దుటి పనులు చాలు. లేచి, మొహం కడుక్కుని, స్టవ్వు వెలిగించి, పాలు కాచి, కాఫీ కలిపి, ఆయన్ని లేపి, పిల్లల్ని తయారుచేసి, డబ్బాలు కట్టి, బస్సెక్కించి, ఇంటికొచ్చి కూర్చున్నాను. పది అసమాపక క్రియలు, ఒక్క సమాపక క్రియ. మధ్యలో ఒక్క ‘అండ్’ లేదు, ఒక్క ‘ఆఫ్టర్’ లేదు. కూర్చోవడం దగ్గరగ్గాని వాక్యం ఆగలేదు, నేనూ ఆగలేదు. దీన్ని ఇంగ్లీషులో పెట్టమనండి ఆ ఇంటర్వ్యూ పెద్దమనిషిని. ‘అండ్’లతో గొలుసు కడతాడా, ఆరు వాక్యాలుగా కోస్తాడా చూద్దాం.

ఇంతటి సౌకర్యం చేతిలో పెట్టుకుని, ఇప్పుడు మనమేం చేస్తున్నామో తెలుసా? అసలు కోపం నాకు ఇక్కడొస్తుంది. ఇంగ్లీషులో మన తెలుగు దూరితే నవ్వుతున్నామే, తెలుగులో ఇంగ్లీషు దూరి కాపరం పెడితే చదువుకున్నతనం అనుకుంటున్నాం. ఈమధ్య వంటల పేజీ ఒకటి చదివాను. ‘ఉల్లిపాయలు మరియు పచ్చిమిర్చి వేసి మరియు బంగారు రంగు వచ్చే వరకు వేయించడం ద్వారా రుచి పెరుగుతుంది’ అని ఉంది. ఇది వంటా, ప్రభుత్వ ఉత్తరువా? ‘ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ వేసి ఎర్రగా వేయిస్తే రుచిగా ఉంటుంది’ అంటే సరిపోయేది. మాట చివర కాస్త దీర్ఘం తీస్తే చాలు, అదే మనకి ‘అండ్’. అమ్మా నాన్నా, ఉప్పూ కారం, చీరా జాకెట్టూ. ఈ ‘మరియు’ మన నోట ఎన్నడూ లేదు. ‘మా అత్తగారు మరియు మామగారు వచ్చారు’ అని ఏ కోడలైనా అంటుందా? పైగా ‘వేసి’ తర్వాత ‘మరియు’! ‘వేసి’లోనే కలపడం ఉంది కదా. పులిహోరలో చింతపండు పిండి, పైన నిమ్మకాయ కూడా పిండినట్టు.

‘వేయించడం ద్వారా’ ఇంకో తద్దినం. ‘బై ఫ్రయింగ్’ అన్నదాన్ని మక్కీకి మక్కీ దింపేశారు. రోజూ నడవడం ద్వారా, నీళ్ళు తాగడం ద్వారా, త్వరగా నిద్రపోవడం ద్వారా. మనకి ‘నడిస్తే’ లేదూ? ‘తాగితే’ లేదూ? వార్తలు చదివే అమ్మాయిలైతే ‘సభ నిర్వహించడం జరిగింది, నాయకులు మాట్లాడడం జరిగింది, ప్రజలు వినడం జరిగింది’ అంటున్నారు. సభ జరిపారు, మాట్లాడారు, విన్నారు అంటే గొంతు నొప్పెడుతుందా? అక్కడ ఇంగ్లీషు ఇంగు తెలుగు ‘డం’ వేషం వేసుకుని కూర్చుంది. మందుసీసా మీద చూడండి, ‘భోజనం చేసిన తరువాత మరియు నిద్రించుటకు ముందు’. మా బామ్మ బతికుంటే, అన్నం తిన్నాకా, పడుకోబోయేముందూ అని రెండు దీర్ఘాలు తీసి ఊరుకునేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

వ్యవహారంలో ఉన్న భాషే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తిగారు జీవితమంతా ధారపోశారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ సభల ఆహ్వానపత్రికల మీదే ‘అధ్యక్షులు మరియు ముఖ్య అతిథి’ అని అచ్చువేస్తున్నాం! ఇంగ్లీషు తప్పు మాట్లాడితే నవ్వే పెద్దమనుషులు ఈ తెలుగు చూసి ఎందుకు నవ్వరో నాకు చెప్పండి. వాళ్ళకిది తప్పని తెలియదు, అదీ సంగతి. రెండు భాషలూ కూలంకషంగా వచ్చినవాడు ఎవర్నీ ఎగతాళి చేయగా నేను చూడలేదు. ఒకటిన్నర భాష వచ్చినవాడే చేస్తాడు.

మొన్న మేముంటున్న అపార్టుమెంటులో నోటీసు అంటించారు. ‘నీటి ట్యాంకు శుభ్రపరచడం జరుగుతున్నందున మరియు మోటారు మరమ్మతు చేయబడుతున్నందున, నీటి వాడకాన్ని తగ్గించుకోవడం ద్వారా సహకరించవలసినదిగా కోరడమైనది’ అని. నేను కళ్ళజోడు పెట్టుకుని రెండోసారి చదువుతుంటే వాచ్‌మన్ భార్య అటుగా వచ్చి, ‘ట్యాంకు కడుగుతున్నారమ్మగారూ, మోటారు కూడా బాగుచేస్తున్నారు, నీళ్ళు కాస్త చూసి వాడుకోండి’ అంది. నేను లోపలికెళ్ళి రెండు బిందెలు పట్టిపెట్టుకున్నాను.